పడమటి కిటికీ

పెద్దమందడి, 12-7-2003

సుహాసినికి, నేను కులాసా. కాళ్లే కొంచెం పట్టేశాయి.

బడి మానేసిన పిల్లల కోసం మేం చేస్తున్న సైకిల్ యాత్ర నిన్న వనపర్తి దాటింది. ఆషాఢం గాలి రోజంతా ఎదురే. అందరికంటే నేనే వెనకబడుతున్నాను. ఇక్కడ పంక్చర్లు వేసే అబ్దుల్ రహమాన్ చాచా, క్యారియర్ మీద నువ్వు కట్టిన మూట చూసి నవ్వాడు.

"ఏంది సారూ, గిట్ల అడ్డం కట్టిన్రు? మూటను గాదు, గాలిని గుంజుతున్నరు. సగం ఇంటికి పంపున్రి. మిగిలింది పొడుగుకు కట్టి, జర వంగి తొక్కున్రి."

గొంగడి, చెంబు, దుప్పటి నాగర్‌కర్నూల్ బస్సులో పంపాను, తెప్పించుకో. తడుస్తానని కోప్పడకు, ఇక్కడ చినుకే లేదు. సజ్జరొట్టెలు మాత్రం పంపలేదు. ఎంత బరువైనా అవి నాతోనే ఉంటాయి.

అర్చనకు జ్వరం తగ్గిందా? బర్రె ఈనిందా? గద్వాల పోస్టాఫీసుకు రాయి. అమ్మకు దండాలు చెప్పు.

నా ముఖానికి కొట్టిన ఈ గాలి మన ఊరివైపే పోతోంది. నేనేమో రోజురోజుకూ నీకు దూరంగా తొక్కుతున్నాను. దుమ్మొస్తుందని పడమటి కిటికీ మూస్తావు కదా, నేను వచ్చేదాకా తెరిచే ఉంచు.

నీ శ్రీశైలం