గంజ్‌లో హాజరు పట్టీ

నిజామాబాద్,
12-2-1968.

కాలేజీ పాలకవర్గం కార్యదర్శి గారికి,

శుక్రవారం మొదటి పీరియడ్‌కు ఎందుకు రాలేదో మూడు రోజుల్లో చెప్పమని నాకు మెమో ఇచ్చారు. మూడు రోజులు అక్కర్లేదు, ఇప్పుడే చెబుతున్నాను.

లెక్చరర్ల హాజరు పట్టీని మీరు కాలేజీ నుంచి తెప్పించి, గంజ్ మార్కెట్‌లోని మీ పసుపు దుకాణంలో పెట్టుకున్నారు. "సంతకం నా కండ్ల ముందట వెట్టాలె సారూ" అన్నారు. అప్పటి నుంచి మేం పద్నాలుగు మందిమి రోజూ పొద్దున మీ దుకాణం ముందు వరుసలో నిలబడి, బస్తాల మీంచి లేచే దుమ్ము మింగి, ఆ తర్వాత కాలేజీకి సైకిళ్లు తొక్కుతున్నాం.

శుక్రవారం ఆ వరుసలోనే వృక్షశాస్త్రం చెప్పే శారమ్మ గారు ఊపిరాడక మెట్టు మీద కూలబడ్డారు. నేను రిక్షా పిలిచాను. మీరు గద్దె మీంచి లేవనైనా లేవకుండా, "మొదలు సంతకం వెట్టుండ్రి, అటెన్క దవాఖానకు పోదురు" అన్నారు. ఆమె మెట్టు మీద కూర్చునే పెట్టారు. నేను పెట్టలేదు. ఆమెను దవాఖానలో చేర్పించి వచ్చేసరికి పీరియడ్ అయిపోయింది. ఇదే నా సంజాయిషీ.

హాజరు పట్టీ ఉన్న చోటే లెక్చరర్ డ్యూటీ మొదలవుతుందని మీ మెమోలో రాశారు. ఆ మాట మా అందరికీ నచ్చింది. రేపటి నుంచి సంతకం పెట్టిన చోటే పాఠం కూడా మొదలుపెడతాం. విద్యార్థులకు ఈ రోజు క్లాసుల్లో చెప్పేశాం. నల్లబల్ల మోసుకురావడానికి మీ హమాలీలే ఒప్పుకున్నారు.

పసుపు బస్తాలను మాత్రం రేపు అక్కడి నుంచి కదిలించకండి. పిల్లలు కూర్చోవాలి.

ఇట్లు,
మీ మెమో అందుకున్న
చరిత్ర లెక్చరర్