రెండు వెంట్రుకల ఎత్తు

కొచేవ్యె,
1996 అక్టోబరు 20.

చిరంజీవి తమ్ముడు బ్లాజ్‌ను అక్క రొమానా దీవించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. నువ్వు వదిలి వెళ్ళిన కుక్క బీబా నాకంటే క్షేమం. దానికి పదేళ్ళు నిండాయి, కుడి చెవి వినపడదు, అయినా గిన్నె చప్పుడు మాత్రం ఎంత దూరంలో ఉన్నా వినపడుతుంది. నువ్వక్కడ క్షేమంగా ఉన్నానని రాశావు. నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు ఆలస్యమైందని కోప్పడకు. కాగితం ముందు కూర్చోవడం, నీ ఉత్తరం ఇంకోసారి చదవడం, ఆఖరి పేరా దాకా వచ్చి లేచి తుపాకుల షాపులోకి వెళ్ళిపోవడం, ఇదే పనైపోయింది. ఈ ఆదివారం మాత్రం ముగించే లేస్తాను. ముందు నువ్వడిగిన వాటికి జవాబు చెప్తాను.

నాన్న సమాధి రాయి పగిలిందని నీకెవరు చెప్పారో గాని అబద్ధం. నాచు పట్టింది, గీకించాను. లుద్విక్ మామయ్య మోకాలు ఆపరేషన్ అయింది, అయినా వేట మంచెలెక్కడం మానలేదు. మన దొడ్లో ప్లమ్ పళ్ళు ఈ ఏడు విరగకాశాయి. సారా కాయలేదు, జామ్ చేశాను. నీతో కాపురం చేసిన దారింకా గురించి నువ్వు ఒక్క ముక్క కూడా అడగలేదు. అడగకపోయినా చివర్లో చెప్తాను.

ఇక స్కోపు సంగతి. స్వీడన్‌లో వేట పరీక్ష పాసయ్యావని, రంపపు మిల్లులో తోటివాడు తన రెండో రైఫిలు నీకిచ్చాడని చదివి సంతోషించాను. దాని మీదికి ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించే పెద్ద స్కోపు కొననా అని అడిగావు. వద్దురా. అది ఇక్కడి మనవాళ్ళకి. వెలుతురు పోయే వేళ మంచె మీద కదలకుండా కూర్చుని అడవిపంది ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళకి పెద్ద గాజు కావాలి. మీకక్కడ కుక్కలు తరుముతుంటే మూస్ దుప్పి చెట్ల మధ్యలోంచి అడ్డంగా పరుగెత్తుకొస్తుందని నువ్వే రాశావు. ఎనిమిది రెట్లలో చూస్తే దాని పొట్ట మీది వెంట్రుకలు లెక్కపెట్టగలవు గాని తల ఎటుందో తెలుసుకునేలోపు అది ఇంకో కొండెక్కుతుంది. ఒకటిన్నర నుంచి ఆరు రెట్ల దాకా మార్చుకునేది తీసుకో. ముందు గాజు నలభై రెండు మిల్లీమీటర్లుంటే చాలు. ఇంకా పెద్దదైతే స్కోపును ఎత్తుగా బిగించాలి, ఎత్తుగా బిగిస్తే చెంప తుపాకీ కొయ్యకి ఆనదు, కొంగలా మెడ సాచి చూడాల్సొస్తుంది.

లోపలి గీతలు మూడు వైపులా లావుగా, నడుమ సన్నగా ఉండేవి చూసుకో. అంతా సన్నగీతలే ఉంటే కొమ్మల్లో రెమ్మల్లో కలిసిపోతాయి. బిగించేటప్పుడు కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్ళు తెరువు. నిండు గుండ్రం కనబడాలి. అంచున నల్లగా నెలవంక కనబడితే స్కోపును ముందుకో వెనక్కో జరపమని చెప్పు. కంటికీ గాజుకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం తప్పనిసరి, లేకపోతే తుపాకీ తన్నినప్పుడు కనుబొమ చీలుతుంది.

ఎనిమిది రెట్లు ఎందుకు కావాలో కూడా రాశావు. చెయ్యి వణుకుతుంది గనక దగ్గరగా చూపించేదైతే సాయంగా ఉంటుందన్నావు. అది తలకిందుల ఆలోచన. ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తే వణుకూ అన్ని రెట్లు పెద్దగా కనబడుతుంది. అసలు చెయ్యి వణికేవాడివని నీకెవరు చెప్పారు అని అడగాలనుకున్నాను. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

వసంతంలో కాగితాలు చేయించుకుని తుపాకీ ఇక్కడికి తెస్తానని, స్కోపు నేనే బిగించాలని, నా చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ నమ్మనని రాశావు. నేను బిగించను బ్లాజ్. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. నీ ఆఖరి పేరా నాకు కంఠతా వచ్చేసింది. "అక్కా, ఈ మధ్య నాకనిపిస్తోంది, ఆ రోజు నేను ఫ్లాస్కులో ఏదో పోసుకుని తాగే ఉంటాను, తాగి మర్చిపోయి ఉంటాను. లేకపోతే చెయ్యెందుకు వణుకుతుంది? తుపాకీ సరిగ్గానే ఉందని నువ్వన్నావు. నువ్వు అబద్ధం చెప్పవు కదా."

నువ్వు తాగలేదు. నీ చెయ్యి వణకలేదు. తుపాకీ సరిగ్గా లేదు. ఈ సంగతి నాకు మూడేళ్ళుగా తెలుసు.

నీ తుపాకీకి స్కోపు బిగించిన రోజు గుర్తు చేసుకో. నాన్న పద్ధతి నువ్వూ చూస్తూ పెరిగిందే. స్కోపు అడుగునున్న ఇనుప కాళ్ళకి కొవ్వొత్తి మసి పట్టించి, తుపాకీ మీది గూళ్ళలో దించి, తీసి చూడాలి. మసి ఎక్కడ చెరిగిందో అక్కడే ఇనుము తగులుతోందన్నమాట. ఆకురాయితో అక్కడ ఒక్క గీటు లాగి మళ్ళీ మసి పట్టించాలి. కాలు అడుగంతా ఒకేలా చెరిగేదాకా ఇదే పని, ఒక్కోసారి రెండు రోజులు. తర్వాత గురి మైదానంలో మూడు గుండ్లు పేల్చి, స్కోపు ఊడదీసి, మళ్ళీ తగిలించి, ఇంకో మూడు పేల్చాలి. ఆరూ ఒకే చోట పడితే ఆ గురి కాగితం మీద సంతకం పెట్టి తుపాకీతో పాటు ఇవ్వాలి. ఈ లోయలో మన షాపు సంతకమంటే ప్రమాణపత్రం కింద లెక్క.

ఆ రోజు ముందు కాళ్ళు పొద్దున్నే కుదిరాయి. వెనక కాలుకి రెండుసార్లు మసి పట్టించి, ఫరవాలేదులే అనుకుని వదిలేశాను. మైదానంలో వేట సంఘం వాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. నాన్న పోయి అప్పటికి ఏడాదే. షాపు ఆడది నడుపుతోందని వాళ్ళు తుపాకులు లుబ్లియానా పంపిస్తున్న రోజులవి. నన్ను సంఘంలో చేర్చుకోమంటే సంఘం పెద్ద ఓజ్‌బోల్ట్ నవ్వి, భోజనాల దగ్గర సాయానికి రమ్మన్నాడు గుర్తుందా? ఆ మనుషుల ముందు మూడు గుండ్లు పేల్చాను. మూడూ అతుక్కుని పడ్డాయి. వెనక నుంచి ఎవరో "అచ్చం వాళ్ళ నాన్న చెయ్యేరా" అన్నారు. నా కళ్ళు నెత్తికెక్కాయి. ఇప్పుడు స్కోపు ఊడదీసి తగిలిస్తే ఆ ముచ్చట చెడిపోతుందేమోనని, ఊడదీయకుండానే మిగతా మూడూ పేల్చేశాను. ఆరూ ఒకేచోట పడ్డాయి. సంతకం పెట్టాను. ఓజ్‌బోల్ట్ అదే వారం తన తుపాకీ నా దగ్గరికి తెచ్చాడు.

వేట రోజున నువ్వు అందరిలాగే స్కోపును తోలు సంచిలో పెట్టుకుని పొదలు దాటి, మంచెక్కాక తగిలించుకున్నావు. ఊడదీసి తగిలించేసరికి అంతవరకూ పైకి ఆగి ఉన్న వెనక కాలు గూట్లోకి దిగింది. రెండు వెంట్రుకల మందం దిగి ఉంటుందేమో. అక్కడ రెండు వెంట్రుకలు దిగితే నూట ఇరవై మీటర్ల దూరంలో గుండు జానెడు కిందికి పోతుంది. నువ్వు మగదుప్పి భుజం వెనక గురి చూశావు. గుండు ముందుకాలు విరగ్గొట్టింది.

ఆ మగదుప్పి మూడు కాళ్ళ మీద పారిపోవడం, బీబా రెండు రోజులు జాడ తీయడం, పదకొండో రోజు ఎవరో గొయ్యిలో దాని కళేబరం చూడడం, ఇవన్నీ నీకు నేను చెప్పాలా? ఆచారం ప్రకారం వేటాడినవాడే దాని నోట్లో చివరి ముద్దగా పచ్చి కొమ్మ పెట్టాలి. నిన్ను పెట్టనివ్వలేదు. ఓజ్‌బోల్ట్ పెట్టాడు. నువ్వు టోపీ చేత్తో పట్టుకుని దూరంగా నిలబడ్డావు.

సంఘం విచారణ రోజు ఓజ్‌బోల్ట్ నన్ను నిలబెట్టి, "రొమానా, తుపాకీ సరిగ్గానే ఉందా?" అనడిగాడు. స్కోపు ఊడదీసి చూడలేదని నాకు తెలుసు. చెప్పాలని నోరు తెరిచాను. ఎదురుగా అందరూ మగవాళ్ళే. చెప్తే రేపట్నుంచి షాపుకి ఎవడూ రాడు, చూశారా ఆడదాని పని అంటారు. "సరిగ్గా ఉంది" అన్నాను. ఇక అక్కడ మిగిలింది నువ్వే. అప్పటికి పద్నాలుగు నెలల ముందు దాకా తాగుబోతువి. ఎవరికీ ఇంకేమీ ఆలోచించే పని లేకపోయింది. సంఘంలోంచి తీసేశారు, లైసెన్సు పోయింది, నెల తిరక్కుండా దారింకా వెళ్ళిపోయింది, ఆ తర్వాత నువ్వు నిజంగానే సీసా పట్టావు.

ఇదంతా నా అనుమానమే అనుకుంటావేమో. కాదు. నాలుగు రోజులకి నువ్వు తుపాకీ తెచ్చి, అమ్మెయ్యమని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయావు. తలుపేసుకుని వెనక కాలుకి మసి పట్టించి చూశాను. ఒక్క మూలే చెరిగింది. అప్పుడు పరుగెత్తుకెళ్ళి ఆ కాలు సంఘం ముందు పెట్టి ఉంటే నీకు న్యాయం జరిగేది. నేనేం చేశానో తెలుసా? ఆకురాయి తీసుకుని సరిచేశాను. అడుగంతా ఒకేలా చెరిగేదాకా కూర్చున్నాను. నాన్న కూడా అంత శుభ్రంగా చేసి ఉండడు. తర్వాత సంఘంలోని వింకోకి అమ్మాను.

నీ ఉత్తరం చదివాక ఇక ఉండబట్టలేదు. పోయిన ఆదివారం సంఘం సమావేశానికి వెళ్ళి, భోజనాలకి ముందు లేచి, ఇక్కడ నీకు రాసినదంతా వాళ్ళకి చెప్పాను. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. ఓజ్‌బోల్ట్ గడ్డం గోక్కుని, తుపాకీ ఉంది కదా చూద్దాం అన్నాడు. వింకో ఇంటికెళ్ళి తెచ్చాడు. అందరం మైదానానికి నడిచాం. వింకో మూడు పేల్చాడు, స్కోపు ఊడదీశాడు, తగిలించాడు, ఇంకో మూడు పేల్చాడు. ఆరు చిల్లుల్నీ కాఫీ కప్పు మూతతో కప్పేయొచ్చు.

విచారణ అయ్యాక నేనే దాన్ని సరిచేశానని మళ్ళీ చెప్పాను, ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. ఓజ్‌బోల్ట్ నా భుజం మీద చెయ్యేశాడు. "ఇన్నాళ్ళకి వాడి మీద జాలేసిందా తల్లీ? తమ్ముడి కోసం నీ పేరు నువ్వే పాడుచేసుకుంటున్నావు. అక్కంటే ఇలా ఉండాలి. పద, సూపు చల్లారిపోతోంది" అన్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది, కాని ఎవరి మీద మండాలి? మర్నాడు ఇద్దరు కొత్తవాళ్ళు తుపాకులు తెచ్చారు. ఇంత మంచి మనసున్న మనిషి దగ్గరే చేయించుకోవాలనిపించిందట.

గురువారం రిబ్నిత్సా వెళ్ళి దారింకాని కలిశాను. ఆమె అంతా విని, చేతిలో ఉన్న బంగాళాదుంపల చెక్కు తీయడం ఆపకుండానే, "ఆ రోజు ఇంటికి రాగానే వాడి నోరు వాసన చూశాను వదినా. టీ వాసన తప్ప ఏమీ లేదు" అంది. మరెందుకు వెళ్ళిపోయావని అడిగాను. "వాడు తాగలేదని అంతకుముందు వందసార్లు ఒట్టేశాడు. నువ్వు ఒక్కసారి అన్నావు, తుపాకీ సరిగ్గా ఉందని. నా ముక్కుని కూడా నమ్మలేదు, నిన్నే నమ్మాను" అంది. వచ్చే నెల ఆమెకి పెళ్ళి, అక్కడి పోస్ట్‌మాన్‌తో. నాకు కాఫీ ఇచ్చింది. గుమ్మం దాకా వచ్చి సాగనంపలేదు.

స్కోపు అక్కడే ఎవరైనా మంచి పనివాడి చేత బిగించుకో. నీ కళ్ళ ముందే ఊడదీయించి, మళ్ళీ తగిలించి పేల్చమను. అతను చిరాకు పడితే పడనీ, ఊరుకోకు. ఎంత పేరున్నవాడైనా సంతకం చూసి ఊరుకోకు.

వసంతంలో రావాలనిపిస్తే రా, లేకపోతే మానెయ్యి. బీబా నిన్ను గుర్తుపడుతుంది. నన్ను క్షమించమని అడగను, అడిగే హక్కు లేదు. నీకు చూపించడానికి నా దగ్గర ఒక్క రుజువు కూడా లేదు, ఉన్న ఒక్కటీ నా చేత్తోనే అరగదీసేశాను. ఆ రోజు సంఘం ముందు "నేను తాగలేదు" అని నువ్వు నాలుగుసార్లన్నావు. నాలుగోసారి అంటూ నా వైపు చూశావు. నేను బల్ల వైపు చూశాను. అక్కడినుంచే నిన్ను నువ్వు నమ్మడం మానేశావని నీ ఉత్తరం చదివాక తెలిసింది. తమ్ముడూ, ఆ మాట ఐదోసారి నేనంటున్నాను. నువ్వు తాగలేదు.

ఇట్లు,
నువ్వు నమ్మకూడని రోజున నమ్మిన మీ అక్క,
రొమానా.