మాత్ర మాట్లాడుతోంది

మార్చి 3

ఇంటికి తెచ్చారు. తల సగం గొరిగి ఉంది. గదిలో అద్దం అమ్మ ముందే తీసి దాచింది.

స్కూటర్ మీంచి పడటం నాకు గుర్తులేదు. ఆసుపత్రిలో నేను చేసిన ఘనకార్యాలూ గుర్తులేవు. అమ్మే చెబుతోంది, చూసొచ్చిన సినిమా కథలా. క్యాజువాలిటీలో ఫిట్స్ ఆగకపోతే నరంలోకి ఇంజెక్షన్ ఇచ్చి ఆపారట. మెలకువొచ్చాక ఇంకో గోల. సెలైన్ పీకేశానట, నర్సు మణికట్టు కొరికానట, నాన్నని ఎవడ్రా నువ్వు అన్నానట. శాంతపరిచే మందేదైనా ఇద్దామంటే, అదెక్కడ మళ్లీ ఫిట్స్ తెస్తుందోనని డాక్టర్లు తర్జనభర్జన పడ్డారట. చివరికి చేతులకి మెత్తటి పట్టీలు కట్టి, అక్కని పక్కన కూర్చోబెట్టారట.

అమ్మ నవ్వుతూనే చెప్పింది. ఆ నర్సు ముఖం గుర్తు తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ముఖం తెలియని మనిషికి సారీ ఎలా చెప్తారు?

మార్చి 6

చెకప్. అందరి మీదా ఎగిరిపడుతున్నానని అక్క డాక్టరుతో చెప్పింది. ఫిట్స్ రాకుండా వేసే ఆ తెల్ల మాత్ర కొందరికి కోపం తెప్పిస్తుందట. మెల్లగా తగ్గించి, వేరేదానికి మారుద్దామన్నాడు.

మధ్యాహ్నం గ్లాసు విసిరికొట్టాను. అక్క గాజుముక్కలు ఏరుతూ, ఇది నువ్వు కాదులేవే, మాత్ర అంది.

ఎంత హాయిగా అనిపించిందో!

మార్చి 11

నోటికెంత వస్తే అంత అనేస్తున్నాను. లైసెన్స్ ఉందిగా.

మార్చి 30

అక్క పనిచేసే ల్యాబ్ నుంచి ఒకావిడ వచ్చింది. నన్ను చూసిపోదామని వచ్చానంది గానీ అసలు సంగతి వేరు. అక్క ఇంకా సెలవులోనే ఉంటే ఆ సీట్లో వేరేవాళ్లని పెట్టేస్తారట. ఇది కాస్త కుదుటపడనీవే అని అక్క బతిమాలుతోంది. నేను టక్కున అందుకున్నాను. దీనికి వెళ్లాలని ఉంటే కదండీ, నేను ఇలా పడుంటేనే కదా ఈ ఇంట్లో దీన్ని ఎవరైనా పట్టించుకునేది, అన్నాను.

ఆవిడ టీ కప్పులోకి చూసుకుంది. మాత్ర మాట్లాడుతోంది, నువ్వేమీ అనుకోకు అని అక్క నవ్వేసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నేను చూశాను. చూసి, బిస్కెట్ తిన్నాను.

ఏప్రిల్ 1

మళ్లీ ఫిట్స్. వంటింటి గుమ్మంలో పడ్డానట. నాన్న పళ్ల మధ్య చెంచా పెట్టబోతే అక్క ఆయన చెయ్యి లాగిపారేసిందట. ఊపిరాడకుండా చంపుతావా అని అరిచిందట. నాన్న మీద గొంతెత్తడం పుట్టాక ఇదే మొదటిసారట. గడియారం చూస్తూ కూర్చుని, ఇక ఆగేలా లేదని తేలాక, ఫిట్స్ ఆపడానికని డాక్టరిచ్చిన, తను ఎప్పుడూ జేబులో వేసుకు తిరిగే స్ప్రే నా ముక్కులో కొట్టిందట.

కళ్లు తెరిచేసరికి పక్కకి తిప్పి పడుకోబెట్టి ఉన్నాను. తల కింద అక్క చున్నీ. ఒంటిమీద బట్టలు తడిసిపోయాయి. అక్కే మార్చింది, గది తలుపు వేసి, ఎవరినీ రానివ్వకుండా.

ఏప్రిల్ 2

ఆ దిక్కుమాలిన తెల్ల మాత్ర ఇంకెన్నాళ్లే, అక్కని అనరాని మాటలంటున్నాను అన్నాను అమ్మతో. అమ్మ నన్ను వింతగా చూసింది. అది ఆపేసి చాలా రోజులైందిగా, ల్యాబ్ ఆవిడ వచ్చేనాటికే లేదుగా, డాక్టరు నీ ఎదురుగానే చెప్పాడుగా అంది.

నా బుర్రలో నిలవలేదు.

కానీ రోజూ మాత్రలు నా అరచేతిలో పెట్టేది అక్క. ఆ రోజు మాట్లాడింది ఎవరో తనకి తెలుసు. తెలిసే నవ్వింది.

నర్సుని కొరికింది దెబ్బతిన్న తల. గ్లాసు పగలగొట్టింది మాత్ర అనుకుందాం. ఈ మాట నాది. ఆవిడ రాకముందే రెండుసార్లు మనసులో అనుకుని చూసుకున్నాను, ఎక్కడ గుచ్చుకుంటుందో బాగా తెలిసి.

ఏప్రిల్ 3

అక్కకి సారీ చెప్పాను. కొత్త మాత్ర బాగానే పనిచేస్తోందే అంది. ఈసారి నవ్వలేదు.

సోమవారం నుంచి ల్యాబ్‌కి వెళ్తుందట. స్ప్రే ఎలా పట్టుకోవాలో అమ్మకి నేర్పిస్తోంది. మూత తియ్యకుండా, నా ముక్కు మీదే.

కదలకుండా కూర్చున్నాను.