జల్లు రాని వసారా

జూలై 18, శుక్రవారం

వసారాకి అద్దాలు బిగించాక ఇవాళే మొదటి గట్టి వాన. చుక్క కూడా లోపలికి రాలేదు. ఎండ కాసినన్నాళ్లూ ఆ గది కొలిమిలా ఉండేది. పట్టుబట్టి చేయించింది నేనే కాబట్టి నోరెత్తలేదు. ఇవాళ మాత్రం గర్వంగానే అనిపించింది.

అంతలో మామయ్య నిద్ర లేచి, లోపలి గదిలోంచి అలవాటుగా కేకేశారు. "అమ్మాయ్, జల్లు ఎందాకా వచ్చింది?"

"రాలేదు మామయ్యా. అద్దాలున్నాయిగా."

ఆయన మళ్లీ అటు తిరిగి పడుకున్నట్టున్నారు, మంచం కిర్రుమంది.

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో అత్తయ్య మంచం ఆ వసారాలోనే, గోడవారగా ఉండేది. వాన మొదలవగానే జరపబోతే, "ఉండవే, మీ మామయ్యకి చెప్పాలి" అని ఆపేది. జల్లు మంచం కోడు దాకా వచ్చిందంటే, పొలం పత్తి గింజ వేసేంత పదునైనట్టు. "కోడు తడిసిందయ్యోయ్!" అని ఆవిడ అరిస్తే పక్కిళ్లవాళ్లు కూడా విత్తనాల సంచులు దించుకునేవాళ్లు. ఆవిడ పోయాక మంచం తీసేసి, ఆ చోటే సోఫా వేశాం.

ఏమనిపించిందో, లేచి అద్దం తలుపు పక్కకి లాగేశాను. జల్లు కొత్త టైల్స్ మీదుగా లోపలికి కొట్టింది. "సోఫా! సోఫా!" అని మా ఆయన ఒకటే గోల. నేను కదలకుండా నిలబడి చూశాను.

"మామయ్యా, సోఫా కాలు తడిసింది!"

లోపల్నించి మామయ్య, "అయితే రేపు గింజ వేద్దాం" అన్నారు.

మళ్లీ తడవకుండా సోఫాని అవతలి గోడకి జరుపుదాం అంటున్నారు ఈయన. చస్తే జరపనివ్వను.