మీ ఉత్తరంలో సముద్రం లేదు

సత్తెనపల్లి
డిసెంబరు 2001

ప్రియమైన మీకు,

పేరు రాద్దామని కలం పెట్టి, సిగ్గేసి ఆగిపోయాను. అత్తమ్మ, నేను బాగున్నాం. పత్తి తీతలు అయిపోయాయి. మిరప పండుబారుతోంది.

అండమాను అంటే జైలు కదా, అక్కడికి జనం డబ్బులిచ్చి మరీ ఎందుకు పోతారని పక్కింటి అంకమ్మక్క అడుగుతోంది. నాకూ తెలియదు. వాళ్ళు వచ్చి ఏం చేస్తారు? మీరు వాళ్ళకి ఏం చేస్తారు? వివరంగా రాయండి. నేను చదివింది ఐదో తరగతే అయినా మీ అక్షరాలు కూడబలుక్కోగలను.

మిరప కోతలయ్యాక వేసవిలో నన్నూ తీసుకెళ్తానన్నారు. ఆ మాట మీదే ఉన్నాను.

మీ హీనా

*

హావ్‌లాక్ దీవి
జనవరి 2002

ప్రియమైన హీనా,

అంకమ్మక్కకి ఇలా చెప్పు. ఇక్కడికొచ్చేవాళ్ళు ఏ పనీ చెయ్యరు, కానీ పొద్దుటి నుంచీ ఒళ్ళు హూనం చేసుకుంటారు. కొందరు అడవిలో పడి కొండెక్కి దిగుతారు. కొందరు మడచెట్ల మధ్య చిన్న పడవల్లో తెడ్డేసుకుంటూ తిరుగుతారు. అడుగున అద్దం బిగించిన పడవలో కూచుని కిందికి చూసేవాళ్ళూ ఉన్నారు.

నాదీ మన ఊరి మాబుదీ ఒకటే పని. వచ్చినవాళ్ళ ముఖానికి కళ్ళద్దాలు తగిలించి, నోటికి గొట్టం పెట్టి, నీళ్ళ మీద బోర్లా తేలేట్టు చేసి పగడాలు చూపిస్తాం. అద్దం లోపల కాస్త ఉమ్మి రాసి వేలితో రుద్ది కడిగితే ఆవిరి పట్టదు. ఎంత గొప్పవాళ్ళకైనా అంతే. ఈత రానివాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకుపోతాను. పసుపు మీద నల్ల చారలున్న చేప ఒకటుంది, మనుషులంటే భయం లేదు దానికి. నిన్ను తెచ్చాక మొదట అదే చూపిస్తాను.

తిండే ఇబ్బంది. అన్నీ చప్పిడి కూరలు.

నీ నజీర్

*

సత్తెనపల్లి
ఫిబ్రవరి 2002

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం అంకమ్మక్కకి చదివి వినిపించాను. చెయ్యి పట్టుకునే మాట మటుకు దాటేశాను. ఆడవాళ్ళనీ అలాగే పట్టుకుంటారా? ఊరికే అడిగాను.

మొదటి కోత నడుస్తోంది. చేతులు భగ్గుమంటున్నాయి. నిన్న చేలోంచి వచ్చి, మజ్జిగతో చేతులు కడుక్కోకుండానే అంకమ్మక్క మనవణ్ణి ఎత్తుకోబోయాను. "కళ్ళు పోతాయే వాడికి" అని అత్తమ్మ కసిరింది. మనసు ఒకచోట నిలవడం లేదు. నా సాలు వదిలేసి పక్కవాళ్ళ సాల్లోకి పోయి కోస్తున్నాను, కూలోళ్ళంతా నవ్వుతున్నారు.

మీరు చప్పిడి తినొద్దు. మన కాయలే, వెల్లుల్లి వేసి దంచి కారం పార్సిలు చేశాను. వేడన్నంలో కలుపుకోండి.

మీ హీనా

*

హావ్‌లాక్ దీవి
మార్చి 2002

ప్రియమైన హీనా,

కారం అందింది. బాగుంది. మళ్ళీ పంపొద్దు.

ఎండలు ముదిరాయి. కొబ్బరి బోండాలు బాగా దొరుకుతున్నాయి. ఈ వేసవికి నువ్వు రావద్దు. వచ్చినా చూడ్డానికి ఏమీ లేదు. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?

నజీర్

*

సత్తెనపల్లి
ఏప్రిల్ 2002

ప్రియమైన మీకు,

వెనక ఇంకేమన్నా ఉందేమోనని మీ ఉత్తరం తిరగేసి చూశాను. అందులో సముద్రం లేదు. చేప లేదు. పేరు ముందు 'నీ' కూడా లేదు.

చూడ్డానికి ఏమీ లేకపోతే అంతమంది ఎందుకొస్తున్నారు? ఎస్టీడీ బూత్ దాకా వెళ్ళి, లోపల అందరూ కూచుని ఉంటే వెనక్కి వచ్చేశాను. వాళ్ళ ముందు ఏమని అడగను? మీరు చెయ్యి పట్టుకుని తిప్పినవాళ్ళలో ఎవరైనా ఆ చెయ్యి వదల్లేదా? ఇది రాయడానికి నాకు మూడు కాగితాలు పాడయ్యాయి. ఉందనైనా రాయండి, లేదనైనా రాయండి.

మీ హీనా

*

సత్తెనపల్లి
మే 2002

ప్రియమైన మీకు,

మీ జవాబు రాలేదు, మాబు వచ్చాడు. తన భార్య షమీమ్‌ను తనతో తీసుకుపోవడానికి వచ్చి, మనింట్లో టీ తాగుతూ నవ్వుకుంటూ చెప్పాడు. మీరు కారమన్నం తిని, సముద్రం నీళ్ళతో చెయ్యి కడిగి, ఆ వేలితోనే అద్దం రుద్దారట. "వాడు ఆ ఢిల్లీ ఆవిడకి పెట్టింది కళ్ళద్దాలు కాదు పిన్నీ, కారం పట్టీ" అని అత్తమ్మతో అన్నాడు. పాపం ఆవిడ నీళ్ళల్లో గిలగిల్లాడితే మీరే ఒడ్డుకి మోసుకొచ్చారట. సాయంత్రానికి కళ్ళు బాగయ్యాయని చెప్పాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. ఇక నీళ్ళల్లో దిగొద్దని యజమాని మిమ్మల్ని బోండాలు కొట్టే పనిలో పెట్టాడని కూడా చెప్పాడు.

మిరప పండించే ఇంట్లో పుట్టి మజ్జిగ మాట ఎలా మరిచారండీ? నెలన్నరగా కనపడని ఆడమనిషిని తిట్టుకుని ఏడ్చాను. తీరా చూస్తే ఆ పని చేసింది నేను దంచిన కారం. నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. కారం నాది కాబట్టి నేను బాధపడతానని దాచారు. దాచితే ఎంత బాధపడతానో చూసుకోలేదు.

మీరు రావద్దన్నారని అత్తమ్మతో అన్నాను. ఆవిడ ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "వాడు సిగ్గుపడి అక్కడ కూచుంటాడు, నువ్వు సిగ్గుపడి ఇక్కడ కూచుంటావు. మీ ఇద్దరి సిగ్గుకీ కాపలా కాయడం నా వల్ల కాదు. మాబు వాళ్ళతో ఓడెక్కు." తనకి తోడుగా ఒంగోలు నుంచి మీ అక్కని కూడా పిలిపించింది.

వచ్చే వారం మద్రాసులో ఓడ ఎక్కుతున్నాం. ఈ ఉత్తరం ముందొస్తుందో, నేనే ముందొస్తానో తెలియదు. నన్ను వెనక్కి పంపే మాటలు వెతుక్కోకండి.

మీ యజమాని కళ్ళద్దాలు ఆయన దగ్గరే ఉండనివ్వండి. సముద్రం ఆయన సొంతం కాదు కదా. మీకు సెలవున్న పూట మోకాలి లోతులో నన్ను దింపండి, చేప కనపడకపోయినా ఫరవాలేదు. నాకు ఈత రాదు, భయం. మీ చెయ్యి పట్టుకుంటాను, ఒడ్డున ఎంతమంది చూస్తున్నా సరే.

మీ హీనా