రెండో కొంగ

బావగారికి,

మీ క్షేమం అడగను. అక్క నా దగ్గరే ఉంది, వెతకడం మానుకోండి.

ఊరికే కూర్చోలేనంటే మా ప్రెస్సులో పనికి పెట్టాను. పేరుమోసిన చిత్రకారుడు గీసిన సరస్సు బొమ్మను పోస్టుకార్డులుగా అచ్చు వేస్తున్నాం. నీళ్ల మధ్య ఒంటికాలి మీద ఒకే ఒక్క కొంగ. రంగు మీద రంగు సరిగ్గా కూర్చోకపోతే బొమ్మ జంటగా పడుతుంది. అలాంటి కార్డులు ఏరెయ్యడం అక్క పని. నిన్న కట్టలకు కట్టలు పక్కన పడేసింది. మిషను నడిపేది నేను, నాకు ఒళ్లు మండింది.

"ఏంటక్కా ఇది? అన్నీ బాగానే ఉన్నాయిగా."

"అన్నిట్లోనూ రెండు కొంగలున్నాయిరా."

ఒక వేలు చూపించి ఎన్నని అడిగాను. రెండంది. తలుపు తియ్యడం ఆలస్యమైందని మీరు తాళంకప్పతో కణత మీద కొట్టారట. పడిపోయాక జుట్టు పట్టుకుని గడపకేసి మోదారట. నెత్తురంటిన మీ చొక్కా కూడా తనే ఉతికిందట. అప్పట్నుంచీ ఏది చూసినా రెండేనట. ఇక నయం కాదని కంటి డాక్టరు తేల్చేశాడు.

"ఎంతైనా బావ, మర్యాదగా రాయరా" అంటూ ఇంతసేపూ పక్కనే కూర్చుంది. ఇప్పుడే లోపలికి వెళ్లింది.

ఇందులో ఆ కార్డొకటి పెట్టాను, చూడు. నీకు ఒకటే కొంగ కనబడుతోంది కదూ? ఒక్కసారి మా గుమ్మం తొక్కు. రెండోది నేను చూపిస్తాను.

నీ బావమరిది