నడి ఏటి గీత

మార్చి 3

నేను ఇల్లు అమ్మేసి, ఏటి అవతలి ఒడ్డున ఉన్న నోన్నా అక్క దగ్గరికి మారిపోతున్నానని కొట్టు రయీసా ఊరంతా చెబుతోందట. అబద్ధం. నేను ఆమెను అట్టపెట్టెలు అడిగింది పాత మ్యాపులు సర్దుకోవడానికి. జాగ్రఫీ టీచరు ఇంట్లో మ్యాపులు కాక ఇంకేముంటాయి?

"ఏంటి యెవ్గేనియా ప్లతోనొవ్నా, ఈ వయసులో కొత్త కాపురమా?" అని నవ్వింది. నేను నవ్వలేదు.

పుకారుకు మూలం నాకు తెలుసు. మా ప్రాంతపు శాసనసభ, దూమా, నియోజకవర్గాల హద్దులు మార్చారు. ఇన్నాళ్లూ రెండు ఒడ్లూ ఒకటే; చలికాలపు ఎన్నికలైతే అక్క గడ్డకట్టిన ఏటి మీద, లేకుంటే వంతెన మీద నడిచి ఓటుకు వచ్చేది, పోలింగు జరిగే మా బడి బఫేలో క్యాబేజీ కూరిన పిరోగ్ రొట్టె తిని, వంటవాళ్లకు వంకలు పెట్టి వెళ్లేది. ఇప్పుడు గీత నడి ఏట్లో పడింది. అక్క ఇంకొకరి ఓటరు. ఇక అక్కతో కలిసుండాలంటే నేనే అటు పోవాలని ఊరి లెక్క.

మే 11

ఏటి మీది మంచు కరిగిపోయింది. శీతాకాలానికి ముందు విప్పేసిన పడవల వంతెనను ఈసారి ఎవరూ మళ్లీ కట్టలేదు.

మే 20

గ్లెబ్‌కు ఫోన్ చేశాను. దూమాలో మా ఒడ్డు డెప్యూటీ, మా సభ్యుడు; నా దగ్గరే చదువుకున్నాడు. మ్యాపులో నదులకు నీలిరంగు పూయడం నేర్పింది నేనే. వంతెన అవతలి డెప్యూటీ బాధ్యత అన్నాడు. అవతలి ఆయనకూ చేశాను. గ్లెబ్ బాధ్యత అన్నాడు. ఇద్దరూ ఎంతో మర్యాదగా మాట్లాడారు.

జూన్ 8

అక్కకు గుండెనొప్పి. ఆసుపత్రి మా ఒడ్డున ఉంది. ఈదురుగాలికి పడవలు కదలలేదు. అంబులెన్స్ నగరం వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలట. అక్కే ఫోన్ చేసింది. నేను ఎలాగైనా వస్తానన్నాను.

"తొందరపడకు జెన్యా," అంది. "వంతెన వేశాకే రా."

జూన్ 9

అంబులెన్స్ వెళ్లేసరికే అక్క పోయింది.

జూన్ 11

పడవలో వెళ్లి అక్కను పాతిపెట్టి వచ్చాను. ఏడవలేదు. తిరిగి వస్తూ నడి ఏట్లో నీళ్లకేసి చూశాను. గీత ఎక్కడా కనిపించలేదు. పిల్లలకు ఎన్నేళ్లు చెప్పాను, నది రెండు ఒడ్లనూ కలిపి ఒక ఊరిని చేస్తుందని. గ్లెబ్ ఆ పాఠం విన్నవాడే. అప్పుడు ఏడ్చాను. పడవవాడు అటు తిరిగి తెడ్డు వేశాడు, మంచివాడు.

ఆగస్టు 27

గ్లెబ్ పువ్వులతో వచ్చాడు. గుచ్ఛంలో పువ్వులు బేసి సంఖ్యలో ఉన్నాయి; మా దగ్గర సరిసంఖ్య చావుకే. అవి సంతాపానికి కాదన్నమాట. ఎన్నికల పోస్టరుకు నాతో ఫొటో కావాలట. అక్క సంగతి చెప్పాను. 

"నాకు తెలియదు, యెవ్గేనియా ప్లతోనొవ్నా. అవతలి ఒడ్డు వార్తలు ఇప్పుడు నా దాకా రావడం లేదు."

నిజమే చెప్పాడు. అదే నన్ను ఎక్కువ బాధించింది. టీ పోశాను. ఫొటోకు ఒప్పుకోలేదు.

సెప్టెంబరు 14

ఓటు వేశాను. నడిచే వెళ్లాను. పిరోగ్ కొనలేదు.

సెప్టెంబరు 20

రయీసా ఇక ఆ పుకారు నిర్భయంగా చెప్పుకోవచ్చు. అవతలి ఒడ్డు శ్మశానంలో నోన్నా పక్కన స్థలం నా పేర రాయించుకున్నాను. దాని చుట్టూ కంచెకు నీలిరంగు కూడా నేనే వేసి వచ్చాను. ఎవరినీ అడగలేదు.

నా శవపెట్టెను ఏరు దాటించడం ఎవరి బాధ్యతో, ఆ ఇద్దరు డెప్యూటీలూ తేల్చుకోవాలి.